స్టెంటు వేశాక కూడా రక్తనాళం మళ్లీ ఎందుకు మూసుకుపోతుంది?

మా పెదనాన్నది రేపల్లె పక్కన ఒక పల్లెటూరు. కిందటేడు దసరా వెళ్లిన వారానికి గుండెల్లో పట్టేసినట్టుందంటే తెనాలి తీసుకెళ్లారు. ఈసీజీ చూసి అక్కడి డాక్టరు ఆలస్యం చెయ్యకుండా పైకి పంపేశారు. ఆంజియోగ్రామ్ తీస్తే గుండె ముందు వైపు వెళ్లే నాళంలో 80 శాతం అడ్డు ఉందన్నారు. బెలూన్ పెట్టి వెడల్పు చేసి స్టెంటు వేశారు. మూడో రోజు ఇంటికి, పదో రోజు కాలవ గట్టు మీద నడకకి. చూడ్డానికి వచ్చినవాళ్లకి మణికట్టు చూపించేవాడు. కోత లేదు, కుట్టు లేదు, చిన్న చుక్క అంతే. "ఇంత చిన్న కన్నంలోంచి వెళ్లి గుండె బాగుచేశార్రా" అని మురిసిపోయేవాడు.

ఆరో నెలలో గట్టు ఎక్కుతుంటే అదే నొప్పి. అదే చోట, అదే పట్టు.

ఇంట్లో, ఊళ్లో రకరకాలుగా అన్నారు. కార్డు మీద చేశారు కదా, నకిలీది వేసుంటారని ఒకరు. అసలు వెయ్యకుండానే వేశామన్నారేమో అని ఇంకొకరు. నిజం చెప్పాలంటే నేనూ ఫోన్లో "చవక స్టెంటు అయ్యుంటుంది పెదనాన్నా" అన్నాను. మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నవాడి మాట కాబట్టి దానికి కొంచెం విలువ ఎక్కువ పడింది. ఫలితం ఏమిటంటే, ఆయన మళ్లీ ఆసుపత్రికి రానన్నాడు. "ఒకసారి మోసపోయాను, రెండోసారి ఎందుకు?" అన్నాడు. ఆ ఒక్క మాట విన్నాక నాకు భయం వేసింది. తెలియకుండా అన్న మాటకి తెలుసుకుని సమాధానం చెప్పాలి కదా. అలా మొదలైంది ఈ చదువు. క్లబ్బు పత్రికకి కథ ఇస్తానని చెప్పి పాఠం ఇస్తున్నందుకు సంపాదకులు క్షమించాలి.

నేను సెలవుల్లో వెళ్లేసరికి ఎండాకాలం. కాలవ కట్టేశారు. పొక్లెయిన్ దిగి పూడిక తీస్తోంది, తీసిన ఒండ్రు గట్టు మీద కుప్పలుగా ఉంది. పెదనాన్న దాన్ని చూపించి, "ఏటా తీస్తారు, ఏటా పూడుద్ది. నా గుండె కాలవా అంతే అబ్బాయ్" అన్నాడు.

డెల్టాలో పుట్టినవాళ్లకి ఈ పోలిక సహజం. తెనాలి ఊరి మధ్యలోంచే కాలవలు పారతాయి. బాపట్ల పక్కనుంచి కొమ్మమూరు కాలవ వెళ్తుంది. నీళ్లు మందగించిన చోట ఒండ్రు దిగుతుంది, గుర్రపుడెక్క అల్లుకుంటుంది, శివారు పొలాలకి నీళ్లందవు. గుండె నాళంలో మొదటిసారి అడ్డు పడటానికి ఈ పోలిక కొంతవరకు పనికొస్తుంది కూడా. నాళం చీలే చోట, వంపు లోపలి వైపు రక్తం గోడని తాకుతూ జారే ఒరిపిడి తక్కువ. కొవ్వు గడ్డలు ఎక్కువగా పేరుకునేది అక్కడే. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో మనం వాల్ షియర్ స్ట్రెస్ అని లెక్కలు చేసి మర్చిపోయేది ఇదే.

కానీ స్టెంటు వేశాక ఆరు నెలల్లో వచ్చే అడ్డు విషయంలో పెదనాన్న పోలిక పూర్తిగా తప్పు. అక్కడ పేరుకునేది రక్తంలోంచి దిగిన ఒండ్రు కాదు. గోడే లోపలికి పెరుగుతుంది. పాత కొవ్వు తిరిగొచ్చింది అనుకుంటాం గానీ, చాలామందిలో అది బెలూన్ వల్ల అయిన గాయం మానుతూ మానుతూ అవసరానికి మించి మానడం. దీన్నే రీస్టెనోసిస్ అంటారు.

గోడ లోపల ఏముంది?

గుండె నాళం మనం ల్యాబులో చూసే పైపు లాంటిది కాదు. దానికి మూడు పొరలు. లోపలి పొరకి అస్తరులాగా, ఒకే ఒక్క కణం మందంలో ఎండోథీలియం ఉంటుంది. మధ్య పొరలో నునుపు కండర కణాలు నాళం చుట్టూ కట్లు కట్టినట్టు చుట్టుకుని ఉంటాయి. బయట పీచు లాంటి పొర.

ఆ ఒక్క కణం మందం అస్తరు చేసే పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అది నైట్రిక్ ఆక్సైడ్ వదులుతూ ఉంటుంది. దానివల్ల ప్లేట్‌లెట్లు గోడకి అంటుకోవు, కింద ఉన్న కండర కణాలు బుద్ధిగా తమ పని తాము చేసుకుంటూ ఉంటాయి, విభజన చెందవు.

ఇప్పుడు బెలూన్ సంగతి. కారు టైరులో గాలి దాదాపు 2 అట్మాస్ఫియర్ల ఒత్తిడిలో ఉంటుంది. స్టెంటు తెరిచే బెలూన్‌లో 12 నుంచి 16 అట్మాస్ఫియర్లు పెడతారు. ఆ ఒత్తిడికి గడ్డ నలిగి కరిగిపోతుందని నేను అనుకునేవాణ్ణి. అలా కాదు. గడ్డ పగులుతుంది, గోడ సాగుతుంది, కొన్నిచోట్ల చీలుతుంది, అస్తరు రాలిపోతుంది. అంటే వైద్యం చేసేదే గాయం చేసి. ఇంకో దారి లేదు కాబట్టి చేస్తారు.

ఆ తర్వాత మూడు పనులు జరుగుతాయి. వాటి వేగాలు వేరు.

మొదటిది స్థితిస్థాపకత. రబ్బరు బ్యాండుని లాగి వదిలితే వెనక్కి వచ్చినట్టు, సాగిన గోడ బెలూన్ తీసేయగానే కొంత వెనక్కి వస్తుంది. నిమిషాలు, గంటల్లో అయిపోయే పని. రెండోది నెమ్మది. గాయం మానేటప్పుడు బయటి పొరలో పీచు పేరుకుని నాళాన్నే మొత్తంగా బిగిస్తుంది. కాలిన చెయ్యి మానాక చర్మం ముడుచుకుపోయి వేళ్లు చాపలేకపోవడం చూసుంటారు, అలాంటిది. దీనికి వారాలు, నెలలు పడుతుంది.

మూడోదే అసలైనది. అస్తరు రాలిన చోట ముందు ప్లేట్‌లెట్లు వచ్చి అంటుకుంటాయి. వాటి వెనకే తెల్ల రక్తకణాలు. ఇవన్నీ కలిసి 'గాయం అయింది, రండి' అని రసాయన సంకేతాలు వదులుతాయి. మధ్య పొరలో నిద్రపోతున్న నునుపు కండర కణాలు ఆ పిలుపు విని లేస్తాయి. బిగుసుకుని సడలే ఉద్యోగం వదిలేసి, విభజన చెందుతూ లోపలి పొరలోకి పాకుతాయి. పాకి ఊరుకోవు, తమ చుట్టూ కొలాజెన్, జిగురు లాంటి పదార్థం నింపుతాయి. ఆరు నెలల నాటికి ఆ కొత్త పొరలో కణాల కన్నా అవి పోసిన ఈ సరుకే ఎక్కువ.

పెదనాన్నకి చెప్పడానికి నేను గండి పోలిక వాడాను. వరదకి కాలవ గట్టుకి గండి పడిందనుకోండి. ఊరంతా పరిగెత్తి ఇసుక బస్తాలు వేస్తారు. ఆ కంగారులో ఎన్ని బస్తాలు చాలో ఎవరూ లెక్కపెట్టరు. గండి పూడుతుంది గానీ బస్తాలు కాలవ లోపలికే సగం దాకా వచ్చేస్తాయి. వచ్చినవాళ్లు శత్రువులు కాదు, ఊరివాళ్లే. ఆపమని చెప్పేవాడు లేకపోవడమే సమస్య. ఇక్కడ ఆ చెప్పేవాడు ఎండోథీలియం. అది మళ్లీ పరుచుకునేదాకా బస్తాలు పడుతూనే ఉంటాయి.

వంటింట్లో పుట్టిన బెలూన్, గ్యారేజీలో దొరికిన జాలీ

1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు మొదటిసారి మెలకువగా ఉన్న మనిషి గుండె నాళంలో బెలూన్ ఉబ్బించాడు. ఆ బెలూన్లని ఆయన సాయంత్రాలు తన ఇంటి వంటింటి బల్ల మీద సహాయకులతో కలిసి తయారుచేసుకున్నాడు. ఆ మొదటి రోగి వయసు 38. పదేళ్ల తర్వాత చూసినా ఆయన నాళం తెరుచుకునే ఉంది. అందరికీ ఆ అదృష్టం లేదు. ఉత్త బెలూన్ రోజుల్లో మూడోవంతు నుంచి సగం మందికి ఆరు నెలల్లోపే నాళం మళ్లీ సన్నబడేది.

దానికి ఇంజనీరింగు జవాబు ఒకటి వచ్చింది. గోడ వెనక్కి రాకుండా లోపల ఆసరా పెడితే సరి! 1986 మార్చిలో ఫ్రాన్సులోని తులూజ్‌లో జాక్ ప్యుయెల్ మొదటి స్టెంటు పెట్టాడు. లోసాన్‌లో ఉల్రిక్ సిగ్వార్ట్ కూడా అప్పుడే ఆ పనిలో ఉన్నాడు. అమెరికాలో జూలియో పాల్మజ్‌కి తన గ్యారేజీలో మేస్త్రీలు వదిలేసిన ఇనప జాలీ ముక్క కనపడిందట. ప్లాస్టరింగు కింద కొట్టే జాలీ. చీరికలు కొట్టిన రేకుని లాగితే వజ్రాకారం కన్నాలతో తెరుచుకుని, అలాగే నిలబడిపోతుంది. మన భాషలో ప్లాస్టిక్ డిఫర్మేషన్. బెలూన్ మీద ముడిచిన స్టెంటు తెరుచుకునేదీ, బెలూన్ తీసేసినా మూసుకోనిదీ ఆ సూత్రం మీదే. స్టెంటు అనే మాట మాత్రం పళ్ల డాక్టరు చార్లెస్ స్టెంట్ పేరు నుంచి వచ్చింది. ఆయన చేసింది పళ్ల అచ్చులు తీసే ముద్ద, గుండెతో ఏ సంబంధమూ లేదు.

మన దగ్గర కూడా 1990లలో హైదరాబాదు గుండె వైద్యులు డాక్టర్ బి. సోమరాజు, అప్పుడు డీఆర్‌డీఓలో ఉన్న అబ్దుల్ కలాం కలిసి తక్కువ ఖర్చులో స్టెంటు తయారుచేయించారు. కలాం-రాజు స్టెంట్ అని పేరు. క్షిపణులకి పనికొచ్చే లోహం గుండెకి కూడా పనికొస్తుందా అన్న ప్రశ్న మన నేల మీద అలా మొదలైంది.

స్టెంటు పైన చెప్పిన మూడింటిలో మొదటి రెంటినీ ఆపింది. లోహపు జాలీ అడ్డం ఉంటే గోడ వెనక్కి రాలేదు, నాళం బిగుసుకోలేదు. 1994లో వచ్చిన బెనెస్టెంట్ పరీక్షలో ఉత్త బెలూన్ వాళ్లలో 32 శాతానికి నాళం మళ్లీ సన్నబడితే, స్టెంటు వాళ్లలో అది 22 శాతం. తగ్గింది. పోలేదు. ఎందుకంటే మూడోదాన్ని స్టెంటు ఆపలేదు సరికదా, పెంచింది. లోహపు కడ్డీలు గోడలోకి దిగి ఉంటాయి, అక్కడే ఎప్పటికీ ఉండిపోతాయి. ముల్లు తియ్యకుండా పుండు మానమన్నట్టు.

ఇక్కడ మన వాళ్లకి నచ్చే విషయం ఒకటుంది. జర్మనీలోని మ్యూనిక్‌లో ఒక పరీక్ష చేశారు, ఫలితాలు 2001లో వచ్చాయి. ఒకే రకం స్టెంటు, కడ్డీ మందం మాత్రం వేరు. 50 మైక్రాన్ల కడ్డీలు ఉన్నవాటిలో 15 శాతం మందికి నాళం మళ్లీ సన్నబడింది. 140 మైక్రాన్లవాటిలో 25.8 శాతం. లోహం సన్నబడితే గోడకి గాయం తక్కువ, రక్త ప్రవాహంలో సుడులు తక్కువ, అస్తరు త్వరగా కప్పేస్తుంది. అయితే కడ్డీని సన్నగా చేస్తే బలం తగ్గుతుంది, ఎక్స్‌రేలో కనపడటం తగ్గుతుంది. అందుకే స్టీలు వదిలి కోబాల్ట్-క్రోమియం వైపు వెళ్లారు. మెటీరియల్స్ సైన్సు ఎందుకు చదవాలి అని అడిగే మా బెంచీ వాళ్లకి ఈ పేరా అంకితం.

మందుల కథ కొంచెం బాధాకరం. మాత్రలతో ఈ పెరుగుదలని ఆపాలని ఏళ్ల తరబడి ప్రయత్నించారు. ఎలుకల మెడ నాళాల్లో బెలూన్ పెట్టి, సిలజాప్రిల్ అనే బీపీ మందు ఇస్తే పెరుగుదల చక్కగా ఆగింది. మనుషుల్లో చేస్తే ఏమీ లేదు. ఎలుక నాళంలో పాత గడ్డ లేదు, పగుళ్లు లేవు, పైగా మింగిన మందు గాయం దగ్గరికి చేరేసరికి చాలనంత పలచబడుతుంది. మందు ఒళ్లంతా కాకుండా ఆ రెండు సెంటీమీటర్ల చోటే ఉండాలి. అదీ గాయం మానే కొన్ని వారాలు మాత్రమే.

ఆ మందు దొరికింది మట్టిలో. పసిఫిక్ సముద్రం మధ్యలో రాపా నుయి అనే దీవి ఉంది, పెద్ద పెద్ద రాతి తలలు ఉండే ఈస్టర్ దీవి అదే. 1964లో అక్కడికి వెళ్లిన కెనడా బృందం మట్టి నమూనాలు తెచ్చింది. మాంట్రియల్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్న సురేంద్రనాథ్ సెహగల్, ఆయన సహచరులు ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఒక పదార్థం తీశారు. దీవి పేరు మీదే దానికి రాపమైసిన్ అని పేరు పెట్టారు. బూజు మీద పనిచేసే మందు అనుకున్నారు. కంపెనీ ఆ ల్యాబు మూసేసినప్పుడు సెహగల్ చివరి విడత సరుకుని సీసాల్లో పెట్టి ఇంటికి తీసుకెళ్లి ఫ్రీజర్‌లో దాచుకున్నాడు. ఐస్‌క్రీం పక్కన! కొన్నేళ్లకి కొత్త యాజమాన్యం ఒప్పుకుంటే మళ్లీ బయటికి తీశాడు. 1999లో అది కిడ్నీ మార్పిడి రోగులకి మందుగా అనుమతి పొందింది. మందు పేరు సిరోలిమస్.

అది చేసే పని, విభజనకి సిద్ధమవుతున్న కణాన్ని గడప దగ్గర ఆపడం. చంపదు, ఆపుతుంది. మన కండర కణాలకి కావలసింది సరిగ్గా అదే. 1999 డిసెంబరులో బ్రెజిల్‌లోని సావోపాలోలో ఎడువార్డో సౌసా ఈ మందు పూసిన స్టెంటుని మొదటిసారి మనిషికి వేశాడు. 2002లో వచ్చిన రావెల్ పరీక్షలో 238 మంది. ఆరు నెలల తర్వాత చూస్తే, మందు లేని స్టెంట్లలో 26.6 శాతం మళ్లీ సన్నబడ్డాయి. మందు ఉన్నవాటిలో ఒక్కటీ లేదు. తర్వాత వెయ్యిమంది పైగా రోగులతో, కష్టమైన నాళాలతో జరిగిన సిరియస్ పరీక్షలో ఆ సున్నా నిలబడలేదు. మందు స్టెంటుకి 8.9 శాతం, ఉత్త స్టెంటుకి 36.3 శాతం వచ్చింది. అయినా ఎంత తేడా!

ఉచితం కాదు ఈ లాభం. కండర కణాలని ఆపే మందు అస్తరు కణాలనీ ఆపుతుంది. కాబట్టి లోహం ఎక్కువ కాలం బట్టబయలుగా ఉంటుంది, దాని మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ కాలం ఉంటుంది. అందుకే యాస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లాంటి రెండో మాత్ర నెలల తరబడి వేసుకోమంటారు.

ఇక్కడ ఆగి ఒకటి చెప్పాలి, మన ఇళ్లల్లో ఈ రెంటినీ కలిపేస్తారు కాబట్టి. స్టెంటు లోపల గోడ పెరగడం వేరు, స్టెంటులో రక్తం గడ్డకట్టడం వేరు. మొదటిది నెలల మీద వస్తుంది, నడిస్తే నొప్పి అని ముందుగా చెప్తుంది. అప్పుడప్పుడు అదీ గుండెపోటుగా బయటపడుతుంది గానీ, ఎక్కువమందికి సమయం ఇస్తుంది. రెండోది నిమిషాల్లో వచ్చి ప్రాణం మీదకి తెస్తుంది. మాత్రలు సొంతంగా మానేస్తే వచ్చే పెద్ద ముప్పు ఆ రెండోదే. 'బానే ఉన్నాను కదా' అనో, పన్ను పీకించుకోవాలనో మానేసేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. పంటి డాక్టరు ఆపమన్నా సరే, గుండె డాక్టర్ని అడక్కుండా ఆపకూడదు. పెదనాన్న వీటిని మానలేదు, అది మా అదృష్టం. మానేసింది షుగరు మాత్రలు.

మరి పెదనాన్నకి ఎందుకు?

మళ్లీ ఆంజియోగ్రామ్‌కి ఒప్పించడానికి పన్నెండు రోజులు పట్టింది. నేను చేసిందల్లా ముందు నా మాట వెనక్కి తీసుకోవడం. చవక స్టెంటు అన్నాను కదా, లెక్క చూపించాను. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వ ధరల సంస్థ స్టెంట్లకి గరిష్ఠ ధర పెట్టింది. ఉత్త లోహానికి 7,260 రూపాయలు, మందు పూసినదానికి 29,600. ధర తగ్గింది చట్టంతో, సరుకు తగ్గడం వల్ల కాదు. ఇంకా, సూరత్‌లో తయారయ్యే 60 మైక్రాన్ల కడ్డీల స్టెంటు ఒకదాన్ని ప్రపంచంలో పేరున్న విదేశీ స్టెంటుతో యూరప్ ఆసుపత్రుల్లోనే పోల్చి చూశారు. టాలెంట్ పరీక్ష, 2019. ఏడాది తర్వాత రెండూ సమానంగా నిలిచాయి. పెదనాన్న అంతా విని, "అయితే మరి నాకెందుకు పూడింది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న.

ఈసారి డాక్టర్లు ఉత్త ఎక్స్‌రే బొమ్మతో సరిపెట్టలేదు. నాళం లోపలికి సన్నటి కాంతి తీగ పంపి గోడ కోత చూసే పరీక్ష చేశారు, ఓసీటీ అంటారు. అక్కడున్న చిన్న డాక్టరమ్మ ఓపిగ్గా నాకు తెర మీద చూపించింది. స్టెంటు ఉంది. కడ్డీలు తెల్ల చుక్కల్లా వలయంగా కనపడుతున్నాయి. నకిలీ లేదు, మాయమూ లేదు. ఆ చుక్కల లోపల బూడిద రంగు పొర, దాని మధ్యలో సూది బెజ్జం లాగా దారి. ఒక చోట మాత్రం వలయం గుండ్రంగా లేదు, నొక్కినట్టుంది. దాని వెనక సున్నం గట్టిపడిన గడ్డ. మొదటిసారి అక్కడ స్టెంటు పూర్తిగా విచ్చుకోలేదు.

అంటే కారణాలు మూడు కలిశాయి. షుగరు ఉన్నవాళ్లలో ఈ కణాల పెరుగుదల ఎక్కువ, ఆయన మూణ్ణెల్ల సగటు చూపించే పరీక్షలో 9 దాటింది. నాళం సన్నది. పైగా ఒకచోట స్టెంటు సరిగ్గా తెరుచుకోలేదు. సున్నం గట్టిగా ఉన్నచోట అలా జరగడం అరుదు కాదట. కానీ ఆ మాట మొదటిసారే మాకెవరైనా చెప్పి ఉంటే ఊళ్లో ఇన్ని కథలు పుట్టేవి కావు.

సన్నది అయితే ఏమైందో లెక్క చూడండి. 0.6 మిల్లీమీటర్ల మందం పొర చుట్టూ పెరిగిందనుకుందాం. 3 మిల్లీమీటర్ల నాళంలో దారి 1.8కి తగ్గుతుంది, 40 శాతం నష్టం. 2.25 నాళంలో అదే పొర పెరిగితే మిగిలేది 1.05, సగానికి పైగా పోయింది. డాక్టర్లు రీస్టెనోసిస్ అని గీత గీసేది వ్యాసంలో 50 శాతం దగ్గర. ఒకే పొర, ఒకరు గీతకి ఇటు, ఒకరు అటు.

ఇక్కడ మనం వెంటనే పాయిజ్యులీ సూత్రం తీసి, వ్యాసార్థం నాలుగో ఘాతం, ప్రవాహం పదహారో వంతు అని రాసేస్తాం. నేనూ రాశాను. తప్పు. ఆ సూత్రం చెప్పేది ఆ చిన్న ముక్క నిరోధం గురించి. గుండె కండరంలో నిరోధం ఎక్కువగా ఉండేది కింది చిన్న చిన్న నాళాల్లో. పైన అడ్డు పడితే అవి వెడల్పయి సర్దుకుంటాయి. శివారు రైతుకి నీళ్లు తక్కువైతే తూములన్నీ బార్లా తెరిచినట్టు. అందుకే కూర్చుని ఉన్నప్పుడు దారి 80 శాతం మూసుకున్నా ఏమీ తెలియదు. గట్టు ఎక్కితే గుండెకి మూడు నాలుగు రెట్లు రక్తం కావాలి. తూములు అప్పటికే బార్లా తెరిచి ఉన్నాయి, ఇంక తెరవడానికేం లేదు. అప్పుడు నొప్పి. పెదనాన్న అరుగు మీద నవ్వుతూ, గట్టు మీద గుండె పట్టుకుని ఉండటంలో వింతేమీ లేదు.

వైద్యం కూడా కారణాన్ని బట్టే. ముందు గట్టి బెలూన్‌తో ఎక్కువ ఒత్తిడి పెట్టి విచ్చుకోని చోట స్టెంటుని విప్పారు. తర్వాత ఇంకో లోహపు పొర పెట్టకుండా, మందు పూసిన బెలూన్‌ని అర నిమిషం పైగా గోడకి ఆనించి పట్టారు. పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు, పెరిగే కణాలని ఆపడం దాని పని. స్టెంటు లోపల పెరిగిన పొరకి ఇది పనిచేస్తుందని జర్మనీ వాళ్లు 2006లో చూపించారు. కొందరికి మందు స్టెంటే ఇంకోటి వేస్తారు, మళ్లీ మళ్లీ వస్తుంటే బైపాస్ అంటారు. లోహం కాకుండా ఏళ్లలో కరిగిపోయే ఆసరా కూడా చేశారు గానీ, మొదటి తరం దానిలో రక్తం గడ్డలు ఎక్కువ వచ్చి 2017లో అమ్మకం ఆపేశారు. ఆ ఆలోచన మాత్రం చావలేదు. ఎవరైనా పీజీలో బయోమెటీరియల్స్ వైపు వెళ్తే చూడండి.

మేం డిశ్చార్జి అయి గుంటూరు నుంచి రేపల్లె ప్యాసింజర్‌లో వస్తున్నాం. తెనాలి దాటాక కిటికీ పక్కన కూర్చుని పెదనాన్న అడిగాడు.

"ఈసారి పెట్టింది ఎన్నాళ్లుంటదిరా?"

"మొదటి ఏడాది జాగ్రత్తగా దాటితే ఈ రకం పెరుగుదల చాలావరకు నెమ్మదిస్తుంది పెదనాన్నా. తర్వాత కూడా ఏళ్ల మీద స్టెంటు లోపల కొత్తగా కొవ్వు గడ్డ కట్టొచ్చు. అందుకే కొలెస్ట్రాల్ మాత్ర, షుగరు మాత్ర."

"మళ్లీ రాదని కాయితం మీద రాసిస్తావా?"

"రాసివ్వను."

వేమూరు దాటేదాకా ఏమీ మాట్లాడలేదు. పెద్దమ్మ కట్టిచ్చిన పెరుగన్నం డబ్బా తీశాడు, సగం నాకు పెట్టాడు. భట్టిప్రోలు వచ్చేసరికి సంచిలోంచి మాత్రల పొట్లం తీసి, ఏది పొద్దున ఏది రాత్రి అని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు. అట్టల మీద పెన్నుతో పెద్దక్షరాల్లో రాసిచ్చాను. అవి మాత్రం రాసిచ్చాను.